టెస్టరక్క చెయ్యి

వర్క్‌షాపులో అందరూ ఆమెను టెస్టరక్క అనేవాళ్ళు. టెస్టరంటే కరెంటు ఉందో లేదో చూసే స్క్రూడ్రైవరు, కరెంటు తగిలితే పిడిలో చిన్న దీపం వెలుగుతుంది. ఈవిడకి దీపం లేదు, నోరుంది. ఆ నోటితోనే తమ్ముడి వ్యాపారాన్ని ఇన్నేళ్ళూ నిలబెట్టానని ఆవిడ నమ్మకం. ఆ నోటిని తట్టుకుని కూడా వ్యాపారం నిలబడిందని తమ్ముడి నమ్మకం. ఇద్దరిదీ నిజమే అయుండాలి, ఎందుకంటే ఏడాది చివర సెలవులొస్తే చాలు, పార్కులవాళ్ళూ హోటళ్ళవాళ్ళూ వీళ్ళ గుమ్మం ముందే నిలబడేవాళ్ళు.

వాళ్ళది రంగుల దీపాల పని. ఒక్కో బల్బులో ఎరుపూ ఆకుపచ్చా నీలమూ మూడూ ఉంటాయి, వాటిని కలిపి ఏ రంగు కావాలంటే ఆ రంగు తెప్పించొచ్చు. ఎప్పుడు ఏ బల్బు ఏ రంగు వెయ్యాలో చెప్పేది కంట్రోలరు. అరచేతంత బోర్డు అది, దాన్నీ, దానికి కరెంటిచ్చే పవర్ సప్లైనీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆరుబయట బిగిస్తారు. రంగుల ఆటంతా కంప్యూటర్లో రాసేది తమ్ముడు. డబ్బా మూసేది అక్క. జనం మెచ్చుకునేది తమ్ముడి ఆటని. రాత్రంతా వాన కురిసి తెల్లారాక కూడా ఆ ఆట నడుస్తోందంటే అది అక్క చలవ, అది మాత్రం ఎవరికీ పట్టదు. బాగా మూసిన డబ్బాని మెచ్చుకున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

డబ్బా మూయడంలో ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. వైర్లన్నీ అడుగునుంచే లోపలికి పోవాలి, పైనుంచి పోతే నీళ్ళకి దారి చూపించినట్టే. పోయేముందు ప్రతి వైరూ కిందికి ఒక వంపు తిరగాలి, దాని మీద జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవాలి. పులుపు వాసన కొట్టే సిలికాను బోర్డు దరిదాపులకి రాకూడదు, రాగిని తినేస్తుంది. మూత ముయ్యబోయే ముందు లోపల పొడి కాగితం ఒకటి పెట్టి, గొట్టంతో నీళ్ళు కొట్టి, ఆనక తెరిచి ఆ కాగితాన్ని చెంపకి ఆనించుకుని చూస్తుంది. కాస్త చెమ్మ తగిలినా ఆ డబ్బా మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఇవన్నీ ఒకెత్తు, చెయ్యి పెట్టడం ఒకెత్తు. దీపాలు కట్టిన ప్రతి ఇనప స్తంభాన్నీ, ప్రతి కమానునీ జనాన్ని వదిలే ముందు టెస్టరక్క వేళ్ళ వెనకవైపుతో తాకి చూడాలి. ఇనుములోకి ఏ మూలనుంచో కరెంటు కారుతుంటే వేళ్ళకి చిమచిమలాడుతుంది. ఆవిడ "సరే" అంటే సరే. తమ్ముడి సంచిలో మంచి మీటరు ఉంది, కానీ మీటరు బ్యాటరీ అయిపోవచ్చు, తీగ ఊడిపోవచ్చు, అక్క చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అందుకని స్తంభాల దగ్గరికొచ్చేసరికి ఆ మీటరు సంచిలోనే నిద్రపోయేది. చిన్నప్పుడు తమ్ముడు టేబుల్ ఫ్యానుకి అతుక్కుపోతే అక్క చెక్కపీటతో కొట్టి విడిపించింది. అప్పట్నుంచీ అక్క ముట్టుకోని ఇనుముని వాడు ముట్టుకోడు. కరెంటు పని చేసేవాడికి కరెంటంటే భయమేమిట్రా అని ఎవరన్నా నవ్వితే, "భయంలేని వాళ్ళంతా ఇప్పుడు ఫొటోల్లో ఉన్నారు" అనేవాడు.

క్రితం సీజను అయిపోయాక ఆవిడకి పెద్ద జబ్బు బయటపడింది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగితే తీరిక దొరకలేదనేది, అంచేత తమ్ముడింటి మేడమీది గదే ఆవిడ ఇల్లు. తమ్ముడూ మరదలూ కంటికి రెప్పలా చూసుకున్నారు. కోత అయింది, మందులయ్యాయి, జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది. ఆఖరి స్కాను బాగుందని డాక్టరు చెప్పిన రోజు తమ్ముడు ఆసుపత్రి వరండాలో గోడకి తల ఆనించి ఏడ్చాడు. మరదలు వాడి వీపు నిమురుతూ ఏడ్చింది. గండం గట్టెక్కిన మనిషి మాత్రం పక్కనే నిలబడి, ఆ గోడ పెయింటు పొక్కులు లేచిందనీ, లోపల పైపేదో కారుతున్నట్టుందనీ చూసింది.

"బతికావక్కా" అన్నాడు తమ్ముడు.

"ఊఁ" అంది.

అంతే. అంతకు మించి లోపల ఏమీ లేదు. సంతోషం రాలేదు, పోనీ భయం ఉందా అంటే అదీ లేదు. తిన్నది తిన్నట్టు ఉండేది కాదు, పడుకుంటే పడుకున్నట్టు ఉండేది కాదు. వచ్చినవాళ్ళు చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, వీళ్ళకి ఏం జవాబు చెప్పాలా అని ఆలోచించేది. అన్నిటికన్నా విసుగు పుట్టించాల్సింది తమ్ముడి గొంతు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అక్కతో కీచులాడినవాడు, ఇప్పుడు "అక్కా, కాస్త తింటావా", "అక్కా, కాసేపు పడుకుంటావా" అని మెత్తగా మాట్లాడటం మొదలెట్టాడు. దానికి విసుగైనా రాలేదు ఆవిడకి.

మళ్ళీ సీజను రాగానే తిన్నగా వెళ్ళి వర్క్‌షాపులో తన బల్ల దగ్గర కూర్చుంది. వద్దంటే వినలేదు. అక్కడేదో ఆనందం దొరుకుతుందని కాదు, అక్కడా ఏమీ అనిపించదు. కానీ అక్కడ ఏమీ అనిపించకపోయినా పని నడుస్తుంది. ఇంట్లోనైతే ఏమీ అనిపించనందుకు సంజాయిషీ చెప్పుకోవాలి. బల్ల దగ్గర ఆవిడ రోగి కాదు, అతిథి కాదు, టెస్టరక్క. ఆవిడకి మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే, అది పోతే మేడమీది గదీ మందుబిళ్ళల డబ్బా, అంతే.

అందుకే వేళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మందుల వల్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు అన్నాడు. రెండు చేతుల వేళ్ళూ మొద్దుబారిపోయాయి, ముందువైపూ వెనకవైపూ కూడా. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇంట్లోవాళ్ళకి చెప్పండి, పొయ్యి దగ్గరా కరెంటు దగ్గరా జాగ్రత్త అన్నాడు. డాక్టరు గదిలోకి ఆవిడ ఒక్కర్తే వెళ్ళింది, బయటికొచ్చి అంతా బాగుందని చెప్పింది. మరదలికి చెబితే నోట్లో నువ్వుగింజ నానదు. తమ్ముడికి చెబితే కుర్చీ ఉండదు.

వేళ్ళు లేని లోటు కళ్ళతో తీర్చుకుంది. కళ్ళద్దాలు మార్పించుకుంది. గట్టిగా బిగించిన ప్రతి స్క్రూకీ పెయింటుతో గీత పెట్టుకుంది. మూత అంచు చుట్టూ ఉండే రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాల్సింది, కింది పెదవితో చూడటం మొదలెట్టింది. ఒకసారి మరదలు టీ పట్టుకొచ్చి చూడనే చూసింది.

"ఏంటొదినా, డబ్బాలకి ముద్దులు పెడుతున్నావా?"

"ఎదురు మాట్లాడదు కదే, అందుకని."

మరదలు నవ్వింది. ఈవిడ కూడా నవ్వు మొహం పెట్టింది, అలవాటు కొద్దీ. నీళ్ళు కొట్టి చూస్తే ఒక్క డబ్బాలోనూ చెమ్మ లేదు. వేళ్ళు లేకపోయినా పని జరుగుతుందని ఆవిడ తేల్చేసుకుంది. నీళ్ళని ఆపడం వేరు, కరెంటుకి దారి చూపించడం వేరు, ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. తెలిసీ తలుచుకోలేదు.

ఆ ఏడాది మొదటి పని పార్కు. గేటు దగ్గర పెద్ద ఇనప కమాను, లోపల బాట పొడుగునా దీపాల స్తంభాలు, మధ్యలో బోలెడు చెట్లు. పొద్దున జల్లు పడి గడ్డంతా తడిగా ఉంది. మధ్యాహ్నానికి అన్నీ బిగించి మెయిన్ వేశారు. రంగులు పగటి వెలుతురులో వెలవెలబోతూ కదులుతున్నాయి. చీకటి పడగానే గేటు తెరవాలని పార్కు మేనేజరు వాచీ చూసుకుంటూ తిరుగుతున్నాడు.

"అక్కా, ఓపికుంటే ఒక్కసారి చెయ్యి పెడతావా? లేకపోతే వద్దులే" అన్నాడు తమ్ముడు, అదే మెత్తటి గొంతుతో.

ఆవిడ బాట వెంట నడుచుకుంటూ వెళ్ళి ఒక్కో స్తంభాన్నీ వేళ్ళ వెనకవైపుతో తాకింది. ఏమీ తెలియలేదు. తెలియదని ఆవిడకి తెలుసు. కానీ కరెంటు వేరు, స్పర్శ వేరు అని తనకి తనే నచ్చజెప్పుకుంది. చచ్చిన కప్ప కాలుని కూడా కరెంటు ఆడిస్తుందని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు, నా వేళ్ళు కప్ప కన్నా కనాకష్టమా అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఆఖర్న కమానుని తాకి, "సరే" అంది. తమ్ముడు మేనేజరు వైపు తిరిగి బొటనవేలు చూపించాడు.

ఆ తరవాత తమ్ముడూ మేనేజరూ పార్కు ఆ చివర చెట్ల మీది దీపాలు చూడటానికి వెళ్ళారు. మరదలు వ్యాన్‌లో ఖాళీ పెట్టెలు సర్దుతోంది. టెస్టరక్క కమాను పక్కన వైరు చుట్ట మీద కూర్చుంది. గేటు బయట జనం చేరుతున్నారు. తండ్రుల భుజాల మీద పిల్లలు, ఊచల్లోంచి లోపలికి చేతులు చాపి రంగుల్ని పట్టుకోవాలని చూస్తున్న పిల్లలు. వాళ్ళని చూస్తే ముచ్చటెయ్యాలి. ఆవిడ చూస్తూ కూర్చుంది.

ఎక్కడిదో ఒక వీధికుక్క ఊచల సందులోంచి దూరి లోపలికొచ్చింది. గడ్డి వాసన చూసుకుంటూ వచ్చి కమాను కాలుకి ముక్కు ఆనించింది. ఆనించగానే కుయ్యిమని ఎగిరి పడి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చిన దారినే పరిగెత్తింది. బయట పిల్లలు పకపకా నవ్వారు. కుక్క కూడా రంగులకి భయపడిందిరా అని ఎవరో అన్నారు.

ఆవిడ లేచింది. చీర కొంగుతో మణికట్టు లోపలివైపు తుడుచుకుంది. మందుల రోజులనుంచీ స్నానానికి నీళ్ళు వేడా చల్లనా అని ఆ చోటుతోనే చూసుకునేది, అక్కడింకా ప్రాణముంది. ఆ చోటుని మెల్లగా కమానుకి తగిలించింది. సన్నటి చీమల బారు చర్మం కింద పాకింది. చెయ్యి తీసి మళ్ళీ తగిలించింది. మళ్ళీ పాకింది.

ఏమైందో చూడకుండానే అర్థమైంది. దారి తప్పి ఇనుములోకొచ్చిన కరెంటుని మనిషిదాకా పోనివ్వకుండా నేలలోకి పంపించడానికి ప్రతి డబ్బాలోంచీ ఒక ఎర్తు వైరు వస్తుంది. ఈ కమానుకి అది అందలేదు. అలా కారే కరెంటుతో మనిషి చచ్చిపోడు, ఉలిక్కిపడతాడు. కానీ ఎర్తు లేనిచోట, తడి గడ్డిలో, రేపు వానకి ఇంకో వైరు తోలు చిట్లితే ఉలిక్కిపాటుతో పోదు.

తమ్ముడు ఆ చివర ఉన్నాడు. ఎవరూ చూడటం లేదు. ఎవరికీ చెప్పకుండా సరిచేసెయ్యొచ్చు అనుకుంది, ఆ అనుకోవడం ఎంతో తేలిగ్గా వచ్చింది. కమాను వెనక పొదలో ఉన్న డబ్బా దగ్గరికెళ్ళి, దాని స్విచ్చు ఆపి మూత తీసింది. అనుకున్నంతా అయింది. ఎర్తు వైరు పైతోలు చాలినంత వలవలేదు. స్క్రూ రాగి మీద కాకుండా ప్లాస్టిక్ తోలు మీద బిగుసుకుని కూర్చుంది. లాగి చూస్తే రాదు, గట్టిగానే ఉన్నట్టుంటుంది, కరెంటు మాత్రం పోదు. క్రితం సీజనులో అయితే రాగి ఎక్కడ మొదలైందో వేలికే తెలిసేది.

స్క్రూ వదులు చేసింది. వైరు బయటికి లాగి తోలు వలవబోతే, ఎంత నొక్కుతోందో తెలియక కట్టరు వైరుని సగానికి తెంపేసింది. మళ్ళీ వలిచింది. ఈసారి స్క్రూ ఊడి గడ్డిలో పడింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. వెలుతురు తగ్గిపోయింది, కళ్ళద్దాలకి చెమ్మ పట్టింది. చేతులతో తడిమింది. గడ్డీ, మట్టీ, స్క్రూ, అన్నీ ఒక్కటే, ఏదీ లేనట్టే ఉంది. ఆ స్క్రూ వేళ్ళ మధ్యకే వచ్చి మళ్ళీ జారిపోయినా ఆవిడకి తెలిసేది కాదు.

అలా తడుముతుండగా తట్టింది, ఈ ఒక్కటీ సరిచేస్తే మిగతా డబ్బాలో? అన్నీ ఈ చేతులతోనే బిగించింది. అన్ని స్తంభాలనీ ఈ చేతులతోనే తాకి సరే అంది. గేటు బయట ఎవరో చంటిదాన్ని ఎత్తుకుని, "అదిగో, ఆ కమాను కింద నిలబడి ఫొటో తీసుకుందాం" అంటున్నారు.

లేచి, చేతులు చీరకి తుడుచుకుని, మెయిన్ దగ్గరికి నడిచింది. పిడి కిందికి లాగింది. పార్కంతా ఒక్కసారి ఆరిపోయింది. గేటు బయట జనం ఉస్సూరన్నారు.

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. వెనకే మేనేజరు.

"అక్కా, ఏమైంది? కళ్ళు తిరిగాయా? కూర్చుంటావా?"

"నాకేం కాలేదు. కమాను కరుస్తోంది. ఎర్తు లేదు."

"నువ్వు చూశావుగా ఇందాక."

"చూశాను. నా వేళ్ళకి ఏమీ తెలియదురా. మందులు మొదలెట్టిన కొన్నాళ్ళకే పోయింది స్పర్శ. డాక్టరు చెప్పాడు, నేనే మీకు చెప్పలేదు."

వాడు అర్థం కానట్టు చూశాడు. ఆవిడ చెయ్యి అందుకుని, చూపుడువేలు కొస మీద తన గోరు నొక్కి, మొహంలోకి చూశాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. గోరు గుర్తు పడింది.

"ఇప్పుడు?"

"లేదు."

"ఎర్తులన్నీ ఎవరు బిగించారు?"

"నేనే. అన్నీ."

చెయ్యి వదిలేశాడు. మేనేజరు ఏదో అనబోతే, "ఆగండి సార్, అన్నీ చూశాకే గేటు" అన్నాడు. సంచిలోంచి మీటరు తీసి మొదటి స్తంభం దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ టార్చి పట్టుకుని వెనక నడిచింది. ఒక్కో డబ్బా మూతా తెరిచి, మీటరు పెట్టి, ఎర్తు స్క్రూ విప్పి, వైరు చూసి, మళ్ళీ బిగించాడు. మొదటివి బాగానే ఉన్నాయి. బాట మలుపు దగ్గరిదానిలో ఎర్తు లేదు. ఆ పక్కదానిలో వైరు రెండు పోగుల మీద వేలాడుతోంది. ఆ రెండూ సరిచేసి, ఆఖర్న కమాను డబ్బాకి కొత్త స్క్రూ వేసి బిగించి, దాని స్విచ్చు వేసి, మూత పెట్టి లేచాడు. లేచి ఆవిడ వైపు తిరిగాడు.

"బుద్ధుందా నీకు?" అన్నాడు.

గేటు బయట గోల తగ్గింది.

"బుద్ధుందా అంటున్నా. అటు చూడు, పసిపిల్లలు. ఊచలు పట్టుకుని ఎలా వేలాడుతున్నారో చూడు. ఆ చేతులతోనే వచ్చి ఈ కమాను పట్టుకునేవాళ్ళు. నిన్ను చావనివ్వకుండా ఏడాది పాటు ఆసుపత్రి చుట్టూ తిరిగింది ఇందుకా? వీళ్ళ మీదకి చావు తేవడానికా? నాకో మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"కుర్చీ పోయేది" అంది ఆవిడ.

"పోతే పోయేది. ఇప్పుడుంటుందా? రేపట్నుంచి డబ్బా ముట్టుకో, చెబుతా. బల్ల దగ్గర కనిపించావంటే ఆ కుర్చీ తీసుకెళ్ళి రోడ్డు మీద పారేస్తా."

మరదలు శాలువా పట్టుకుని వ్యాన్ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, మంచం మీంచి లేచిన మనిషిని పట్టుకుని నలుగురిలో ఆ మాటలేంటి?" అంది. "నువ్వు మధ్యలోకి రాకు. డబ్బాలకి ముద్దులు పెడుతోందని చెప్పి నవ్వావు కదా, ఎందుకు పెడుతోందో అడిగావా?" అని ఆమె మీదా ఒక కేక వేశాడు. మరదలు నోరు మూసుకుంది, అదొక వింత.

మెయిన్ వేశాడు. పార్కు వెలిగింది. కమాను దగ్గరికొచ్చి మీటరు పెట్టి చూశాడు. చూసి, మీటరు జేబులో పెట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ అక్క వైపు చూడలేదు. ఆ తరవాత కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపి, తన వేళ్ళ వెనకవైపు ఇనుముకి ఆనించాడు. తియ్యలేదు. కమాను నీలం నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారేదాకా అలాగే ఉంచాడు. కళ్ళు తెరిచి, గేటు తీయమని మేనేజరుకి చెప్పాడు.

వాడికి ఇంక నా చెయ్యి అక్కర్లేదు అనుకుంది టెస్టరక్క.

అనుకున్నాక డొక్కలో ఎక్కడో మెలిపెట్టినట్టయింది. జబ్బు తిరగబెట్టిందేమో అనుకుంది ముందు. కాదు. బాధ. కుర్చీ పోయినందుకు బాధ, నలుగురిలో తిట్టినందుకు బాధ, ఆ చంటిపిల్లని తలుచుకుంటే భయం, ఇవన్నీ ఇంతకాలం ఎక్కడున్నాయో తెలియదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చిపడ్డాయి. వైరు చుట్ట మీద కూలబడింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, జుట్టంతా దువ్వెనలోకి వచ్చేసిన రోజు కూడా రాని ఏడుపు, పార్కు గేటు దగ్గర, లోపలికొస్తున్న జనం మధ్య, పెద్దగా గొంతెత్తి ఏడ్చింది. రెండు చేతులతో మొహం తుడుచుకుంటోంది, మళ్ళీ తడిసిపోతోంది. పిల్లలు కమాను కింద నిలబడి రంగులు మానేసి ఈవిణ్ణే చూస్తున్నారు. మరదలు శాలువా కప్పి పక్కన కూర్చుంది, ఊరుకో అనలేదు.

తమ్ముడు విప్పిన సామానంతా సంచిలో వేసుకుంటూ, ఇంకా ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఆవిడ లేవబోతూ ఆసరాకి పక్క స్తంభం వైపు చెయ్యి చాపడం చూశాడు.

"ఏడిస్తే ఏడువు" అని కసిరాడు. "ఆ తడి చేతులతో మాత్రం దేన్నీ ముట్టుకోకు."